కోదాడలో వన్స్‌మోర్

ఇంకా హెచ్చు శ్రుతిలో పద్యం పాడితే గొంతు పోతుందని సూర్యాపేట డాక్టరు సోమయ్యకు చెప్పాడు. గరిడేపల్లి నాటక సమాజంలో మంత్రి వేషం మొదటి నుంచీ సోమయ్యదే. కోదాడ ఆటతో మానేస్తానని భార్య చంద్రమ్మకు మాట ఇచ్చాడు.

పద్యనాటకంలో నటుడికి దక్కే మర్యాద ఒక్కటే. పద్యం అయ్యాక జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక రావాలి, నటుడు మళ్లీ పాడాలి. సోమయ్య ఆ కేక విని చాలా ఏళ్లయింది. అది వినకుండా బావ వేషం విప్పకూడదని చంద్రమ్మ తమ్ముడు, హార్మోనియం వాయించే గోపయ్య అనుకున్నాడు. నడిగూడెం పోయి ఈదయ్యను పట్టుకున్నాడు. ఈదయ్య అరిస్తే పక్క ఊరి ఎడ్లు ఆగుతాయని పేరు.

"ఒక్క పద్యానికే వన్స్‌మోర్ అని అరవాలె, ఈదయ్యా. గంతే. కల్లు నేను పోయిస్త."

"ఒక్కదానికి నేనెందుకు? మేక సాలదా?" అన్నాడు ఈదయ్య.

ఆ నాటకంలో రాకుమారుడు యుద్ధంలో చనిపోతాడు. గుడ్డి రాణి తట్టుకోలేదని మంత్రి ‘బతికే ఉన్నాడమ్మా’ అంటాడు. ఆ మాట నమ్మి రాణి సంధి కాదని సైన్యాన్ని మళ్లీ పంపుతుంది. చివరికి ఏడవడానికి కూడా కోటలో ఎవరూ మిగలరు. గోపయ్య ఏళ్ల తరబడి ఈ కథకు హార్మోనియం వాయించాడు. అది తనకు చెబుతున్నారని ఏనాడూ అనుకోలేదు.

కోదాడకు ఈదయ్య ముందే తాగి వచ్చాడు. మొదటి పద్యానికి అరిచాడు. రెండో దానికీ అరిచాడు. సోమయ్య దగ్గితే దానికీ వన్స్‌మోర్ అన్నాడు. జనం నవ్వారు. సోమయ్యకు ఆ నవ్వు కూడా మెప్పులాగే వినపడింది. ఆట అయ్యాక మైకు పట్టుకున్నాడు.

"కోదాడ అన్నలారా, మీరు వద్దనేదాక వేషం మానను. వచ్చే నెల మిర్యాలగూడల ఆడతం!"

చంద్రమ్మ గోపయ్య దగ్గరికి వచ్చింది. "నువ్వన్న జర జెప్పు తమ్మీ. నా మాట ఇనడు."

గోపయ్య హార్మోనియం పెట్టె మూసుకున్నాడు. నిజం చెబితే బావ మొహం చూడలేడు. మిర్యాలగూడలో ఎవరూ అరవకపోతే బావే మానుకుంటాడులే అనుకున్నాడు. అటు రానని ఈదయ్యతో ఒట్టు వేయించుకున్నాడు.

మిర్యాలగూడలో సోమయ్య, మంత్రి తన అబద్ధం ఒప్పుకునే పద్యం ఎత్తుకున్నాడు. బావ అట్లా పాడగా గోపయ్య ఎన్నడూ వినలేదు. ముందు వరుసలో బీడీలు ఆరిపోయాయి. కేక ఆడవాళ్ల వైపు మొదలైంది. తర్వాత పందిరంతా లేచి ‘వన్స్‌మోర్’ అంది. గోపయ్య వద్దని చెయ్యి ఊపాడు. సోమయ్య చూడలేదు. శ్రుతి పెంచి మళ్లీ ఎత్తుకున్నాడు. మూడో పాదంలో గొంతు పోయింది.

పోయిన గొంతు తిరిగి రాలేదు. ఇక దాచలేక గోపయ్య వాళ్లింటికి పోయి కోదాడ సంగతి చెప్పాడు.

"మంచికే చేసినక్కా."

"నీ మంచి మన్నుల గలవ! ఆ మంచేదో నీ గొంతుకే చేసుకోకపోతివి!" అంది చంద్రమ్మ.

మంచం మీద నుంచి సోమయ్య గుసగుసగా అడిగాడు. "మరి మిర్యాలగూడల ఎంత కల్లు పోయించినవ్?"

"అది నిజం బావా! ఒక్కణ్ణి గూడ పెట్టలే. హార్మోనియం మీద ఒట్టు."

"ఆడోళ్లతోటి గూడ అరిపిచ్చినవ్. గట్టోనివిరా బామ్మర్ది."

గోపయ్య పిల్లల మీద ఒట్టేశాడు. ఒట్టేసిన కొద్దీ సోమయ్య నవ్వాడు, చప్పుడు లేకుండా. కళ్లు తుడుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

చంద్రమ్మ చాయ్ తెచ్చింది. గోపయ్య గ్లాసులో చక్కెర లేదు. అడగకుండా తాగాడు.