అర నిమిషం

మోత్కూర్ నేతన్న బిడ్డ ఉష ఆదివారం వచ్చిందంటే కెమెరా మెడలో వేసుకుని ఊరి బయట గుట్ట ఎక్కేస్తుంది. ఈ ఆదివారం మాత్రం సరదాకి ఎక్కలేదు. నకిరేకల్ ఫొటో స్టూడియోలో పని దొరకాలంటే రేపు పొద్దున్నే యజమాని అశోక్‌కుమార్‌కు ఆరుబయట తీసిన మంచి ఫొటో ఒక్కటైనా చూపించాలి. చూస్తే పొద్దు గుట్ట అంచుకు దిగిపోయింది.

గొర్లు కాసే సైదమ్మను పెద్ద రాతిగుండుకు ఆనించి కూర్చోబెట్టి, మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగించింది. ఆ గుట్ట మీది గుండ్లు ఎండలు ముదిరాక దాహమేసి కింద కుంటకు దిగుతాయి, వానలు పడ్డాక మళ్లీ ఎక్కుతాయి. కదిలేది కంటికి ఆనదు. అందుకే ఉగాది దాటితే కాపరులెవరూ వాటి కిందివైపు కూర్చోరు. ఇప్పుడింకా శివరాత్రి వెళ్లి వారమే.

"అవ్వా, అర నిమిషం కదలకు. గీ కెమెరా కన్ను అంతసేపు తెరిచే ఉంటది."

"సరే బిడ్డా," అని సైదమ్మ గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టింది.

ఫొటోలో గొర్లు పొగలా చెదిరాయి. సైదమ్మ స్పష్టంగా ఉంది. గుండు అంచు కాస్త మసకబారింది. ఉష మురిసిపోయింది. బాపు నేసే ఇక్కత్ చీరలో పువ్వు అంచు ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. పుట్టినప్పటినుంచి ఆ మసకనే అందమనుకున్న కళ్లు, తప్పెలా పడతాయి?

"ఇంకొకటి అవ్వా."

"వీపుకు ఒత్తుతాంది బిడ్డా. జర జరగాల్నా?"

"వద్దవ్వా! గట్లనే ఉండు. అర నిమిషమే."

సైదమ్మ మాటంటే మాటే. కదల్లేదు.

రెండో ఫొటోలో మసక రెండింతలైంది. ఉష పెద్దది చేసి చూసింది. పక్కనున్న చిన్న రాయి అంచు కత్తితో కోసినట్టుంది. వెనక తుమ్మకొమ్మా అంతే. మసకంతా పెద్ద గుండుకే, అదీ సైదమ్మ ఉన్న వైపే.

"అవ్వా, లెవ్వు! గుండు దిగుతాంది!"

సైదమ్మ లేవబోయింది. భుజాల మీది గొంగడి అప్పటికే రాయి కింద ఇరుక్కుంది. ఉష పరుగెత్తి మెడ దగ్గరి ముడి విప్పి, ముసలామెనూ గొర్రెపిల్లనూ కలిపి పక్కకు లాగింది. చూస్తుండగానే గొంగడి గుండు కిందికి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

"గీ యేడు దానికి జల్ది దూపైనట్టుంది," అంది సైదమ్మ వీపు రాసుకుంటూ.

ఉషకు ఏడుపు ఆగలేదు. "కదలకని నేనే అంటి గదవ్వా."

మర్నాడు అశోక్‌కుమార్ ఫొటోలు చూసి పెదవి విరిచాడు. "రాయి గూడ అలుక్కపోయింది."

"అది కదిలింది సార్."

"గుండ్లన్నంక కదుల్తయి. నిలబడ్డంక తియ్యాలె. పో."

వారం తిరక్కుండా సైదమ్మ తిరుమలగిరి వైపు కాపరులను వెంటబెట్టుకుని ఉష ఇంటికి వచ్చింది. ఏ గుండు బయల్దేరిందో ఆ కెమెరాకు తప్ప తెలియదు మరి. ఇప్పుడు మంద ఎక్కడ పెట్టాలన్నా ముందు ఉషనే పిలుస్తారు, తర్వాత వాళ్ల పెళ్లిళ్లకూ పిలుస్తారు. ఆ పెళ్లి ఫొటోల్లో సగంమంది చెదిరిపోయే ఉంటారు. "కదలకు" అనే మాట ఆమె మళ్లీ ఎవరితోనూ అనలేదు.