బ్లేడు గుర్రుమన్న రోజు

మా ఆయన అబ్రహాముకి చూపు మందగించి ఏడాదైంది. పటమటలో మా మోటారు వైండింగు షాపు బోర్డు మీద పేరు ఆయనదే, స్టూలు మీద కూర్చుని బేరాలు మాట్లాడేదీ ఆయనే. వెనక తడక చాటున తీగ చుట్టేది మాత్రం నేను. ఈ సంగతి బయటికి పొక్కితే ఇక మా గడప ఎవరూ తొక్కరని నా భయం.

ఈ పని నేర్పుతానన్నప్పుడు ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు. ఆదివారం గుడి నుంచి రాగానే గ్రౌలరు ముందు కూర్చోబెట్టేవారు. గ్రౌలరంటే, కరెంటిస్తే అయస్కాంతమయ్యే ఇనప దిమ్మ. దాని ఒళ్ళో ఆర్మేచరు, అంటే మోటారులో తిరిగే తీగ చుట్టిన ఇరుసు, పెట్టి, పైన రంపం బ్లేడు ఆనించి మెల్లగా తిప్పాలి.

"రెంటికీ మధ్య ఒక్క తీగైనా లేదు, చూశావా? అయినా దిమ్మలో కరెంటు పారితే చుట్టలో కరెంటు పుడుతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు చేసే పనీ ఇదేనే. ఈ ఆర్మేచర్నే అయస్కాంతాల మధ్య గిరగిరా తిప్పావనుకో, అది డైనమో. షార్టుంటే బ్లేడు గుర్రుమంటుంది. ఎక్కడుందో మాత్రం చెప్పదు. అది నువ్వే వెతుక్కోవాలి."

ఒకరోజు పొద్దున్నే పామర్రు నుంచి లారీ ఓనరు హనుమయ్యగారు ఊడిపడ్డాడు. మేము చుట్టిచ్చిన డైనమో ఆర్మేచర్ని బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"నెల తిరక్కుండానే చార్జింగు పోయిందయ్యా! లారీ నడిరోడ్డు మీద ఆగింది. అసలిది చుట్టింది నువ్వేనా? నీకు చూపు ఆనటం లేదంటున్నారు."

"చుట్టింది మా జీవరత్నమండీ. ఏడాదిగా అన్నీ తనే. ఏమే, ఇటు రా."

"ఆడవాళ్ళ చేత చుట్టిస్తున్నావా?"

"పరీక్ష చెయ్యనివ్వండి. తప్పు తనదైతే ఇవాళే షాపు మూసేస్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. షాపు మూసేస్తాననే ముందు నన్నొక మాట అడగాలా వద్దా? గ్రౌలరు స్విచ్చి వేసి, బ్లేడు ఆనించాను. సగం చుట్టు తిప్పానో లేదో గుర్రుమంది.

"విన్నావా?" అన్నాడు హనుమయ్యగారు.

తప్పు నా చుట్టడంలోనే ఉందనుకుని, తీగ కోసేద్దామని కటింగు ప్లయరు అందుకున్నాను. ఎక్కడుందో నువ్వే వెతుక్కోవాలన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆర్మేచర్ని వెలుతురులోకి తీసుకెళ్ళాను. చివర కార్బన్ బ్రష్షులు ఆనే రాగి పట్టీలు కొత్త చెంబులా తళతళలాడుతున్నాయి. నేను పంపినప్పుడు అంత మెరుపు లేదు. పట్టీల సందుల్లో ఏదో పొడి.

"దీన్నెవరు రుద్దారండీ?"

"మా డ్రైవరు మాణిక్యం. మసి పట్టిందని ఎమరీ కాగితంతో రుద్దాడు. ఏం?"

"రాగి రజను సందుల్లో ఇరుక్కుని పట్టీకీ పట్టీకీ కలిపేసింది. ఇంక షార్టవక ఏమవుతుంది?"

విరిగిన బ్లేడు మొనతో ఒక్కో సందూ గీకాను. బ్రష్షుతో దులిపి మళ్ళీ గ్రౌలరు మీద పెట్టాను. ఒక చుట్టు తిప్పాను. రెండు చుట్లు తిప్పాను. బ్లేడు కిక్కురుమనలేదు. ప్రభువా, నీకు స్తోత్రం అనుకున్నాను.

హనుమయ్యగారు ఆర్మేచరు పట్టుకుపోయాడు. పది రోజులకి లారీని స్టార్టు చేసే సెల్ఫు మోటారు ఆర్మేచరుతో మళ్ళీ వచ్చాడు. మా ఆయన కూర్చున్న స్టూలు దాటుకుని, తడక తోసుకుని లోపలికొచ్చి దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

"అమ్మా జీవరత్నం, నువ్వే చుట్టాలి" అన్నాడు.

హనుమయ్యగారు వెళ్ళాక నాకు ఏడుపు ఆగలేదు.

"మీరు నేర్పకపోతే నేనేమైపోయేదాన్నండీ!"

"అయితే నేర్పేటప్పుడు తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటావా?"

తీసుకున్నాను. షాపు మూసేస్తానన్నందుకు ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను.