లేచి చూపించు బాబూ

కండక్టరమ్మ నోరంటే బస్సంతటికీ హడల్. టికెట్టు ఎగ్గొట్టేవాడైనా, మెట్టు మీద వేలాడేవాడైనా ఆవిడ ఒక్క కేక వేసిందంటే దారికి రావాల్సిందే. అంత నోరున్న మనిషీ ఆఫీసరు గది బయట బెంచీ మీద కూర్చునేసరికి పిల్లిలా అయిపోయింది. ఒక పక్క చక్రాల కుర్చీలో తమ్ముడు. వాడికి ముప్పై దాటాయి. ఇంకో పక్క మాస్టారు, రిటైరయ్యాక వికలాంగుల సేవాకేంద్రాన్ని భుజాన వేసుకున్న పెద్దాయన.

ఆ కేంద్రం గోల ఇప్పుడే చెప్పేస్తాను. సర్కారు నిధులివ్వదని కాదు, ఇస్తుంది. కానీ ఏ యేడుకాయేడు. బడ్జెట్టు సంవత్సరం ముగిసిందా, నిధులూ సరి. మళ్ళీ అర్జీ, మళ్ళీ తనిఖీ, మళ్ళీ సంతకాల కోసం చెప్పులరిగేలా తిరగడం. ఆ సంతకాలు పడేలోపు జీతం లేక ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వేరే దారి చూసుకుంటుంది. వ్యాను షెడ్డెక్కుతుంది. తలుపుకి తాళం పడుతుంది. పాపం ఆ అమ్మాయిని ఏమంటాం, ఆమెకీ కడుపుంది కదా!

తాళం పడిన ఆ నెలల్లో తమ్ముడి కాళ్ళు బిగుసుకుపోతాయి. కర్ర పట్టుకుని తనంతట తాను బాత్రూముకి వెళ్ళొచ్చే మనిషిని మళ్ళీ అమ్మా, అక్కా చెరో చంకా పట్టి ఎత్తాలి. అమ్మ నడుం ఎప్పుడో పడిపోయింది. అక్క డ్యూటీకి వెళ్తే ఇంకేముంది, ఆమె వచ్చేదాకా ఉగ్గబట్టుకుని కూర్చోవడమే. ఈడొచ్చిన మగాడికి ఇంతకన్నా నరకం వేరే ఉంటుందా? మళ్ళీ కేంద్రం తెరిచాక మొదటి నుంచీ మొదలు. నేర్చుకోవడం, పోగొట్టుకోవడం. వాడి బతుకంతా అదే తంతు.

అలాగని తప్పంతా సర్కారు నెత్తిన రుద్దడానికీ లేదు. తనిఖీ అంటే చాలు, మాస్టారికి పూనకం వచ్చేది. గోడలకి సున్నం, కిటికీలకి కొత్త పరదాలు. కాళ్ళూ చేతులూ బాగా ఆడేవాళ్ళు ముందు వరసలో, ఆడనివాళ్ళు వెనక గదిలో. అన్నిటికీ మించి, తమ్ముడు కుర్చీలోంచి లేచి, నడిచి వెళ్ళి వచ్చినవాళ్ళ చేతికి బొకే అందించేవాడు. చప్పట్లే చప్పట్లు, ఫొటోలే ఫొటోలు. అందరికంటే గట్టిగా కొట్టేది కండక్టరమ్మే. మరి తమ్ముడు కదా, ఒళ్ళు పులకరించదూ?

ఈ యేడు ఆ చప్పట్లే కొంప ముంచాయి. ‘మీ దగ్గర అందరూ చక్కగా బాగుపడ్డారు కాబట్టి ఇకపై ఆ నిధులు ఇంకో చోటికి మళ్ళిస్తాం’ అని కబురొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు! కేంద్రానికి తాళం పడి నెలలైంది, తమ్ముడి కాళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయి. తాడో పేడో తేల్చుకుందామని మాస్టారు కాళ్ళావేళ్ళా పడి ఈ ఆఫీసరమ్మ అపాయింట్‌మెంటు సంపాదించాడు. అడగబోయేది ఒకటే. ఏటేటా దయతలిచి పడేసేది వద్దు, బడ్జెట్టులో శాశ్వతంగా ఒక పద్దు కావాలి.

అయినా పాతబుద్ధి ఎక్కడికి పోతుంది? "మనవాడు లేచి నిలబడితే చాలమ్మా, మన సేవ విలువేంటో ఆవిడకే తెలుస్తుంది" అన్నాడు మాస్టారు. కండక్టరమ్మ సరేనంది. డ్యూటీ దిగి వచ్చి రోజూ తమ్ముణ్ణి పట్టి లేపింది. వాడు పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ లేచేవాడు. నిలబడీ నిలబడకముందే కూలబడేవాడు. "ఆ ఒక్క నిమిషం ఓర్చుకోరా" అని బతిమాలేది. వాడు ఔననలేదు, కాదనలేదు.

లోపలికి పిలుపొచ్చింది. ఆఫీసరమ్మ చెడ్డమనిషేం కాదు. తమ్ముణ్ణి చూడగానే ముఖం విప్పారింది.

"ఈ అబ్బాయే కదూ ఫొటోలో బొకే ఇస్తున్నది? ఎంత బాగయ్యాడో! ఏదీ, ఒకసారి లేచి చూపించు బాబూ."

"లే నాన్నా" అన్నాడు మాస్టారు. కండక్టరమ్మ చప్పున రెక్క పట్టుకుంది.

"లేవను" అన్నాడు తమ్ముడు.

కండక్టరమ్మ వంగి చెవిలో గుసగుసలాడింది. "ఏంట్రా ఇది? ఇంతదూరం వచ్చి మా పరువు తీస్తావా?"

వాడికి మాట నెమ్మది. ఒక్కొక్కటే కూడదీసుకుని చెప్పాడు. "లేస్తే... బాగైపోయాడంటారు. లేవకపోతే... డబ్బు దండగంటారు. అదంతా ఎందుకుగానీ మేడమ్, నాకు అర్జెంటుగా... బాత్రూముకెళ్ళాలి."

గదిలో అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. కండక్టరమ్మ అలవాటుగా లేచి ముందుకొచ్చింది.

"నువ్వు కూర్చో అక్కా" అన్నాడు. "ఇన్ని నెలలు నువ్వూ అమ్మా ఎత్తారు. ఇవాళ గవర్నమెంటు ఎత్తనీ."

ఆమె వాడి ముఖంలోకి చూసింది. వాడు నవ్వడం లేదు. అప్పుడు తెలిసింది ఆమెకి, తాను ఇన్నేళ్ళూ దేనికి చప్పట్లు కొట్టిందో. సిగ్గేసింది. వెళ్ళి కూర్చుంది.

ఆఫీసరమ్మ బెల్లు కొట్టింది. ఒక బంట్రోతు, ఒక గుమాస్తా వచ్చారు. బాత్రూము గుమ్మం ఇరుకు, ఆపైన ఒక మెట్టు. కుర్చీ లోపలికి పోయే ప్రశ్నే లేదు. గుమాస్తా వాడి చెయ్యి పట్టి గుంజబోయాడు. అంతే, కండక్టరమ్మకి పోయిన గొంతు తిరిగొచ్చింది.

"ఓయ్, ఆగవయ్యా! చెయ్యి ఊడి వస్తుంది! చంక కింద పట్టు. నడుం వంచకు, మోకాళ్ళు వంచు. నువ్వేం చూస్తున్నావు, కాళ్ళ దగ్గరికి రా!"

ఆ కేకకి వరండా అంతా ఇటు తిరిగింది. తలుపు మాటిమాటికీ మూసుకుపోతుంటే ఆఫీసరమ్మే వచ్చి పట్టుకుని నిలబడింది. ఆపసోపాలు పడి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. గుమాస్తా గోడకి చేరగిలబడి రొప్పుతున్నాడు.

"థాంక్సండీ" అన్నాడు తమ్ముడు మర్యాదగా.

ఆఫీసరమ్మ తలుపు వదిలి వచ్చింది. తర్వాత కండక్టరమ్మని అడిగింది. "రోజుకి ఎన్నిసార్లు ఇలా?"

"మీరెన్నిసార్లు వెళ్తారో అన్నిసార్లేనండి" అందామె. ఇక ఆగదలుచుకోలేదు. "మేడమ్, మీ ఆఫీసు లిఫ్టు కరెంటు కోసం ఏటేటా ఎవరి కాళ్ళయినా పట్టుకుంటున్నారా? లేదు కదా. కరెంటు లేకపోతే ఆగిపోతుందని మీకు తెలుసు. మావాడూ అంతేనండి. నడిచాడు కదాని ఆపేస్తే ఆగిపోతాడు. మా కేంద్రాన్నీ ఆ లిఫ్టు పక్కనే రాయండి. ఎవరు మారినా కొట్టెయ్యకుండా రాయండి."

"రాస్తాను" అంది ఆఫీసరమ్మ. "కానీ ఇచ్చేది నేను కాదు, బడ్జెట్టు కమిటీ. వాళ్ళ దగ్గరా మీ ఫొటోలే ఉన్నాయి. నా మాట ఒక్కటే సరిపోదు."

"మనవాణ్ణి నేను తీసుకొస్తాను మేడమ్" అన్నాడు మాస్టారు ఆత్రంగా.

ఆవిడ మాస్టారి వైపు చూడలేదు. తమ్ముడి వైపు తిరిగింది. "మీరు రాగలరా?" అంది. ‘మీరు’ అనడం కండక్టరమ్మ చెవిన పడింది.

"వస్తాను మేడమ్" అన్నాడు తమ్ముడు. "మంచినీళ్ళు దండిగా తాగి మరీ వస్తాను."