పంపు గొట్టానికి పట్టిన ఉప్పు

మార్చి ఎండలో కూడా ట్రాక్టరు తొట్టిలో జీవుబెన్ వణుకుతూనే ఉంది. మూడు గోనెపట్టాలు కప్పినా వణుకు ఆగలేదు. రణ్ ఎడారిలోని ఉప్పుమళ్ళు దాటి ఆస్పత్రి చేరేసరికి మొగుడు దేవ్‌షీని కూడా ఆమె గుర్తుపట్టలేదు.

డాక్టరు కంప్యూటర్ చూశాడు. "దీపావళి ముందు రాయి తీసి, కిడ్నీ నుంచి కిందికి స్టెంట్ గొట్టం వేశాం. జనవరిలో బయట తీయించారని రాసుంది. అంతేనా, దేవ్‌షీభాయ్?"

దేవ్‌షీ వంగి జీవు మీది గోనెపట్టా సర్దాడు.

"సరే, మలేరియా పరీక్ష చేయిద్దాం," అని డాక్టరు చీటీ అందుకున్నాడు.

జనవరిలో ఇక్కడి నర్సు దేవ్‌షీకి మూడుసార్లు ఫోన్ చేసింది. "మూడు నెలలు దాటకూడదు, భాయ్. ఆమెకు షుగర్ కూడా ఉంది. గొట్టానికి క్రిములు పడతాయి." అప్పుడే మడిలో ఉప్పు గింజ కడుతోంది. రోజూ ఇద్దరూ దిగి కలియబెట్టకపోతే పలకలా బిగుస్తుంది. జీవుకు నొప్పీ లేదు. నాలుగోసారి మోగగానే, "మా బావమరిది ఊళ్ళో తీయించేశాం, బెన్," అన్నాడు. ఫోన్లు ఆగాయి. జీవు అడిగితే, "ఉప్పు ఎత్తాక రమ్మన్నారు," అన్నాడు.

ఆ బావమరిది వాల్జీ ఇప్పుడు పక్కనే నిలబడ్డాడు. నిజం చెబితే ఊరుకోడు. చెప్పకపోతే జీవు దక్కదు.

"సాహెబ్, గొట్టం లోపలే ఉంది. నేనే అబద్ధం చెప్పాను. వాల్జీ ఊళ్ళో తీయించామన్నాను."

డాక్టరు చీటీ పడేసి లోపలికి పరుగెత్తాడు. వాల్జీ మెల్లగా ఇటు తిరిగాడు. "నా ఊళ్ళోనా, బావా?"

రెండు గంటల తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. సన్నని గొట్టం వేలంత లావున తెల్లగా కనబడింది.

"క్రిములు గూడు కట్టుకున్నాయి. వాటిమీద పెచ్చు పేరుకుంది. లాగితే రాదు. వీపులోంచి చీము తీశాం గానీ, విషం రక్తంలోకి ఎక్కేసింది."

దేవ్‌షీకి అంతకుమించి చెప్పనక్కర్లేదు. ఉప్పునీటి పంపు గొట్టానికీ అలాగే పెచ్చు కడుతుంది. పదిహేను రోజులకోసారి విప్పి గీకుతాడు. ఈ ఏడాది ఒక్కసారీ తప్పలేదు.

సాయంత్రం జీవు కళ్ళు తెరిచింది. గోడలు చూసింది. మొగుణ్ణి గుర్తుపట్టింది.

"గొట్టం తీయించడానికి వచ్చామా? ఉప్పు ఎత్తేశామన్నమాట."

మంచం కాళ్ళ దగ్గర వాల్జీ కదలకుండా నిలబడ్డాడు.

"లేదు, జీవూ. ఉప్పు మడిలోనే ఉంది," అన్నాడు దేవ్‌షీ.

అప్పటికే ఆమె కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ తెరుచుకోలేదు.