తొలి దూకుడు

మామిడికాయ కోత ముగిసే రోజున తోటల్లో ఉండే సందడి పెళ్ళివారింట్లో కూడా ఉండదు. చివరి చెట్టు రసాలు గంపల్లోకి, గంపలు లారీ మీదికి ఎక్కుతుంటే, కూలీలు చేతులకు అంటిన సొనను ఇసుకతో తోముకుంటూ ఇళ్ళవైపు చూస్తుంటారు. చాట్రాయి దగ్గర కొండయ్య తోటలో మాత్రం ఆ సాయంత్రం ఎవరూ ఇంటిదారి పట్టరు. అందరూ పెద్దబావి చుట్టూ చేరతారు. ఆడవాళ్ళు చెట్లకింద, మగవాళ్ళు ఒడ్డున, కుర్రాళ్ళు గోచీలు బిగించి బావిగోడ మీద. చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ముచ్చట వెనక ఏముందో చెప్పడానికే ఈ కథ.

కొండయ్య నలభై దాటినా కండ తగ్గని మనిషి. బావి మీదికి చాచుకుని ఉన్న మోట దూలమెక్కి, వయసులో ఉండగా ఆయన దూకని తీరు లేదు. పిల్లలకు ఈత నేర్పడంలో ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నడుం పట్టుకుని ఎత్తి నీళ్ళలో వేయడం. మునిగిపోకుండా ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కడతామని తల్లులు అడిగితే, "నీళ్ళు తాగందే ఈత వస్తుందటే?" అని నవ్వేవాడు.

కోత ముగిసిన సాయంత్రం దూకుళ్ళకు ఒక ఆనవాయితీ ఉండేది. ఆ ఏడు కొత్తగా దూలమెక్కేవాడే అందరికన్నా ముందు, అదీ తలకిందులుగా దూకాలి. వాడు దూకేదాకా ఇంకెవరూ నీళ్ళలో దిగకూడదు, మెట్లమీద కాలు పెట్టకూడదు. దూకినవాడు మగాడు. వెనక్కి తగ్గినవాడికి ఆ ఏడాదంతా పేరు మారిపోయేది. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. మనలో చాలా ఆచారాలు అడిగేవాడు లేకనే బతుకుతున్నాయి.

చీనా యుద్ధం జరిగిన మరుసటి ఎండాకాలం అది. ఆ ఏడు దూలమెక్కే వంతు కొండయ్య ఒక్కగానొక్క కొడుకు ప్రభాకరానిది. వాడు నూజివీడులో హైస్కూలు చదువు ముగించి వచ్చాడు. ఈత వచ్చి ఏడాదయింది గాని, మెట్లమీద నుంచి తప్ప ఎక్కడినుంచీ దూకి ఎరగడు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ తల్లి బసవమ్మ భర్తను బతిమాలింది.

"ఏవండీ, వాడికి ఇంకా అలవాటు లేదు. వచ్చే ఏడు దూకుతాడులెండి."

"అక్కడ మనవాళ్ళు మంచుకొండల్లో యుద్ధం చేసి వచ్చారు. ఇక్కడ నా కొడుకు బావిలో దూకడానికి భయపడితే ఎట్టాగే? ఊరివాళ్ళ పిల్లలందర్నీ దూకించిన మొహం పెట్టుకుని, నా కొడుకును ఇంట్లో దాచుకోమంటావా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని ఆ రోజు ఉదయం నుంచి జరిగిన ఇంకో సంగతి ఉంది. ఆ బావికి ఆ ఏడే ఆయిల్ ఇంజను వచ్చింది. కొత్త పెళ్ళికూతురిని చూసుకున్నట్టు కొండయ్య దాన్ని చూసుకునేవాడు, వేరేవాళ్ళ చేత తాకనిచ్చేవాడు కాదు. తెల్లవారుజామునే తానే హ్యాండిల్ తిప్పి, కొత్తగా నాటిన అంటుమొక్కలకు నీళ్ళు పెట్టాడు. మధ్యాహ్నం దాటాక గొట్టంలో ధార సన్నబడింది. ఇంజను వేడెక్కిందనుకుని ఆపేశాడు. మోట కాలంలో రెండు జతల ఎడ్లు పొద్దస్తమానం తోడినా ఆ బావి మూరెడు కూడా దిగేది కాదు. అందుకని బావిలో నీళ్ళు తగ్గే వీలుందన్న ఊహే ఆయనకు రాలేదు.

పొద్దు వాలింది. బావిలోకి ఎండ దిగడం మానేసింది. పైనుంచి చూస్తే నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

ప్రభాకరం దూలం మీద పాకుతూ కొసదాకా వెళ్ళి లేచి నిలబడ్డాడు. కాసేపు కిందికి చూసి, తండ్రివైపు తిరిగాడు.

"నాన్నా, గోడ చాలా కిందిదాకా తడిగా ఉంది. నీళ్ళు జారినట్టున్నాయి. మెట్లు దిగి ఒకసారి చూసొస్తాను."

"చూసొచ్చి చెప్పడానికి ఇదేమన్నా పెళ్ళిచూపులటరా?" అన్నాడు కొండయ్య. ఒడ్డున నవ్వులు లేచాయి. "జారింది నీళ్ళు కాదు, నీ గుండె!"

"కొండయ్యగారబ్బాయికి గాజులు తెప్పించండర్రా!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

ఆ మాట కొండయ్యకు చురుక్కున తగిలింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ క్షణాన ఆయనకు దూలం మీద కొడుకు కనిపించలేదు, తన పరువు కనిపించింది.

"దూకుతావా, ఊళ్ళో నన్ను తలెత్తుకోకుండా చేస్తావా?" అని గద్దించాడు.

చెట్టుకింద నుంచి నాగేంద్రమ్మ లేచి వచ్చింది. ఆమె, ఆమె మొగుడు సాంబయ్య ఆ తోటలోనే కూలీలు. మూడేళ్ళ కిందట ఆమె పెద్దకొడుకు చిన్నయ్య ఇదే దూలం మీద నుంచి కొత్తవాడిగా దూకి, మెట్టు అంచుకు తగిలి, కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. చెయ్యి ఉంది గాని భుజం దాటి లేవదు.

"చూసే దూకనీయండి బాబూ, పోయేదేముంది?" అంది ఆమె.

ఎవరూ వినిపించుకోలేదు. ప్రభాకరం కళ్ళు మూసుకున్నాడు. చేతులు తలపైకి చాచి దూకాడు.

బావిలో మనిషి దూకితే వచ్చే చప్పుడు ఆ తోటలో పసిపిల్లలకు కూడా తెలుసు. గుభిల్లుమని లోతుగా వస్తుంది. ఈసారి అలా రాలేదు. బండమీద తడిబట్ట బాదినట్టు వచ్చింది.

కొండయ్య ముఖంమీద నవ్వు అలాగే ఉండిపోయింది. కొడుకు తేలతాడని చూశాడు. "ఊపిరి బిగబట్టి ఆటపట్టిస్తున్నాడులే," అన్నారెవరో. బుడగలు వచ్చాయి. వాటి వెంట నీళ్ళు ఎర్రబారాయి. అప్పుడు కొండయ్య నోట్లోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు.

ఆయన మెట్లమీద పడుతూ లేస్తూ దిగి నీళ్ళలోకి ఉరికాడు. కాళ్ళు నేలకు తగిలాయి. నీళ్ళు ఆయన రొమ్ముదాకే ఉన్నాయి. బురద పీల్చకుండా ఎత్తుగా అమర్చిన ఇంజను గొట్టం మూతి, ఆయన కళ్ళెదురుగా సగం గాలిలో ఉంది. గొట్టంలో ధార ఎందుకు సన్నబడిందో అప్పుడు తెలిసింది ఆయనకు. తెలిసి ఏం లాభం? చేతులు నీళ్ళలో తడుముతున్నాయి. జుట్టు చేతికి దొరికింది.

ముఖం నీళ్ళపైకి తెచ్చేసరికి ప్రభాకరం దగ్గాడు. ఊపిరి ఉంది. పైనుంచి మగవాళ్ళు బిలబిల దిగి వచ్చారు.

"కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పండ్రా, తాగిన నీళ్ళు కక్కుతాడు!"

"వద్దు!" నాగేంద్రమ్మ మెట్లమీద అడ్డంగా నిలబడింది. "మావాణ్ణి అట్టాగే ఎత్తి తిప్పారు. విరిగిన ఎముక పక్కకు పోయింది. బాబు మెడ కదిలించకండి. బల్లమీద పడుకోబెట్టి తీసుకురండి."

ఆమె గొంతులో ఏముందో గాని, అందరూ ఆగారు. సాంబయ్య ఇంజను గది తలుపు ఊడదీసి తెచ్చాడు. దానిమీద పడుకోబెట్టి, కదలకుండా కండువాలతో కట్టి, పైకి చేర్చారు. కాయల లారీలోంచి సగం గంపలు దించి, వరిగడ్డి పరిచి తలుపును అందులో పెట్టారు. తల అటూ ఇటూ దొర్లకుండా నాగేంద్రమ్మ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. బసవమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. కొండయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. లారీ బెజవాడ దారి పట్టింది.

దారి పొడుగునా గుంటలే. ఒక్కో కుదుపుకూ ప్రభాకరం మూలిగాడు. మూలిగినప్పుడల్లా బతికే ఉన్నాడని కొండయ్యకు ప్రాణం లేచి వచ్చేది.

"నాన్నా, ఒక్కసారి కాలు కదపరా. నా తండ్రివి కదూ, వేలు కదిపినా చాలు."

కాలు కదల్లేదు. కొండయ్య ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఊళ్ళో ఆయన ఏడవగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"నాగేంద్రమ్మా, నా బిడ్డ లేచి నడుస్తాడంటావా?"

"నడుస్తాడు బాబూ. నడవాలనే మొక్కుకుంటున్నా." ఆమె ప్రభాకరం తల దొర్లకుండా చేతులు సర్దుకుంది. "ఒక మాటంటాను, కోప్పడకండి. మా చిన్నయ్య పడ్డ రోజు మీరేమన్నారో గుర్తుందా? 'పిరికి వెధవ, భయపడి వంకరగా దూకాడు' అన్నారు. ఊరంతా అదే అంది. చెయ్యి పోయిందీ మావాడిదే, తప్పూ మావాడిదే అయింది. ఇవాళ మీ బాబును కూడా పిరికివాడనే అనుకుందామా?"

బసవమ్మ తలవంచుకుంది. కొండయ్య కొడుకు పాదాన్ని ఇంకా గట్టిగా ఒళ్ళోకి పొదువుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో ఆ రాత్రి ఎలా గడిచిందో కొండయ్యకు తెలియదు. తెల్లవారాక డాక్టరు బయటికి వచ్చి, జబ్బ, భుజం ఎముక విరిగాయనీ, తలకు కుట్లు వేశాననీ చెప్పాడు. వెన్ను అదిరి మొద్దుబారిన కాళ్ళలో స్పర్శ వస్తోందన్నాడు. మెడకు దెబ్బ లేదన్నాడు.

"చివరి క్షణంలో భయపడి ఒళ్ళు తిప్పుకున్నాడట. అందుకని భుజం ముందు తగిలింది. ఆ భయమే లేకపోతే తల నేరుగా నేలకు తగిలేది. మీరు ఇక్కడికి వచ్చే పనుండేది కాదు."

ఏ భయాన్ని చూసి తాను అందరిలో నవ్వాడో, ఆ భయమే తన కొడుకును కాపాడింది. కొండయ్య గోడకు చేరగిలబడి అలాగే కూలబడ్డాడు.

పిల్లవాడు ఇంకా మంచంమీద ఉండగానే మునసబుగారు, పెద్దలు వచ్చి బావిమీద కంప వేయించమన్నారు. కొండయ్య వేయించాడు. పీడ విరగడైందని అందరూ అనుకున్నారు. పది రోజులు కాకుండానే చిన్నయ్య రొప్పుతూ వచ్చాడు.

"అయ్యా, కుర్రాళ్ళందరూ కొండవెనక రాళ్ళు తీసిన గుంటకు పోతున్నారండీ. లోపలంతా బండలే. దానికన్నా మన బావే నయం."

కొండయ్య వెళ్ళేసరికి గుంట గట్టున గుంపు చేరి ఉంది. అంచున నిలబడ్డది చిన్నయ్య తమ్ముడు పోతురాజు. వాడే కొత్తవాడు. వాణ్ణి ముందు దూకమని వెనకనుంచి తోస్తున్నారు. కొండయ్య లేకపోయినా ఆయన ఆనవాయితీ అక్కడికి నడిచి వెళ్ళింది. పరుగున వెళ్ళి పోతురాజును ఒడిసిపట్టుకున్న ఆ క్షణంలో ఆయనకు ఒక సంగతి బోధపడింది. వయసులో ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకచోట దూకక మానరు. మనం తలుపు వేస్తే, మన కంటికి కనపడని చోట దూకుతారు.

ఆ సాయంత్రమే కంప తీయించాడు. మర్నాటి నుంచి కొండయ్య, చిన్నయ్య ఇద్దరూ బావి దగ్గర కూర్చున్నారు. ఈత రాని పిల్లలకు సొరకాయ బుర్రలు కట్టి కింది మెట్టు దగ్గర నేర్పారు. ఈత బాగా వచ్చేదాకా దూకనివ్వలేదు. కాళ్ళ దూకుడు కుదిరేదాకా తల దూకుడు మాటెత్తనివ్వలేదు. ఇంజను ఆడిన రోజు బావి మూసినట్టే. ప్రతిరోజూ వెదురుగెడతో లోతు చూశాకే గోచీలు బిగించాలి. భయమేస్తోందన్నవాణ్ణి చూసి నవ్వినవాడికి ఆ రోజు నీళ్ళు లేవు. ఊళ్ళో కొందరు, కొండయ్యకు కొడుకు దెబ్బతో మతిపోయిందన్నారు. ఆయన పట్టించుకోలేదు.

మళ్ళీ ఏడాది తిరిగి కోత ముగిసే రోజు వచ్చింది. అంతా బావి దగ్గర చేరారు. దూలం మీద పోతురాజు నిలబడ్డాడు. నాగేంద్రమ్మ చెట్టుకింద కూర్చోలేక, లేవలేక అవస్థపడుతోంది. ఒక కొడుకు చెయ్యి తీసుకున్న బావి అది.

కొండయ్య గోచీ బిగించి, వెదురుగెడ పట్టుకుని మెట్లు దిగాడు.

"ఇదేంటి కొండయ్యా!" అన్నాడు ఒడ్డునున్న ఒక ముసలాయన. "కొత్తవాడి కంటే ముందు నీళ్ళలో దిగకూడదు గదా! ఆనవాయితీ తప్పుతున్నావ్."

కొండయ్య ఆగకుండా నీళ్ళలోకి దిగాడు. దూలం కింద నాలుగు పక్కలా గెడ దించి చూశాడు. గెడ మునిగిపోయింది. తానే ఊపిరి బిగబట్టి మునిగి, అడుగు తడిమి, తేలాడు. తర్వాత ప్రభాకరం దిగి తండ్రి పక్కన నీళ్ళలో నిలదొక్కుకున్నాడు. వాడి భుజంమీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"భయమేస్తోందండీ!" అని పైనుంచి అరిచాడు పోతురాజు. ఎవరూ నవ్వలేదు.

"వెయ్యాల్రా! ఏం చూసి భయమేస్తోందో చెప్పు."

"కుడిపక్క నల్లగా ఏదో కనపడుతోందండీ."

కొండయ్య ఈదుకుంటూ అటు వెళ్ళి, ఎండిన మట్టల కట్టను లాగి ఒడ్డుకు విసిరాడు. "ఇంకేమన్నా ఉందా? లేకపోతే నీ ఇష్టం. దిగిపోయినా నువ్వు మా పోతురాజువే."

పోతురాజు కాసేపు నిలబడ్డాడు. చేతులు చాచాడు. దూకాడు.

బావి గుభిల్లుమంది. నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నీళ్ళు మూసుకున్నాయి, సుడి తిరిగాయి, విచ్చుకున్నాయి. పోతురాజు పళ్ళికిలిస్తూ తేలాడు. ప్రభాకరం వాడి జబ్బ పట్టుకున్నాడు. తోటంతా ఈలలు, కేకలు.

ఆ గోల సద్దుమణిగాక కొండయ్య మెట్టుమీదికి వచ్చి, నీళ్ళు కారుతూ నిలబడి, అందరివంకా చూశాడు.

"నాలుగేళ్ళ కిందట చిన్నయ్య చెయ్యి పోయింది వాడి పిరికితనంతో అన్నాను. అది అబద్ధం. వాడి చెయ్యి తీసింది నేను. నా కొడుకును బావిలో పడేసిందీ నేనే. చిన్నయ్యా, నాగేంద్రమ్మా, మీకు దండం పెడుతున్నా. ఇక మీరందరూ వినండి. ఆనవాయితీ తప్పానన్నారు, తప్పి తీరతాను. మన పిల్లలు దూకాలి, ఈదాలి, కొండలెక్కాలి, ఎవడికీ జంకకుండా పెరగాలి. కాని వాళ్ళ గుండెలో ధైర్యమెంతో చూసే ముందు, వాళ్ళను దూకమన్న నీళ్ళలో లోతెంతో పెద్దవాళ్ళం మనమే దిగి చూడాలి."