ఖాళీగా తొమ్మిది, బరువు పడితే నాలుగు

నేను ఒక అడాప్టర్‌ని. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె, వెనక రెండు పిన్నులు, ముందు బారెడు వైరు, అదీ నా ఆకారం. గోడలోంచి వచ్చే కరెంటుని తొమ్మిది వోల్టులకు దించి వీడియో గేమ్ పెట్టెకు అందించడం నా ఉద్యోగం. టీవీలో బొమ్మ కదిలితే గేమ్‌ని మెచ్చుకుంటారు, గెలిస్తే తమని తాము మెచ్చుకుంటారు. టీవీ వెనక దుమ్ములో ఉన్న నన్నెవరూ తలుచుకోరు. ఆ బాధేమీ లేదు నాకు. నాకున్నది సిగ్గు. అది చెప్పుకోవడానికే ఇదంతా.

ఏదో ఊరి కర్మాగారంలో నా కడుపులో ఇంత రాగి తీగ, నాలుగు డయోడ్లు, ఒక కండెన్సరు పెట్టి మూత బిగించారు. కరెంటులోని ఎగుడుదిగుళ్లను సాపు చేసేది ఆ కండెన్సరే. 1995లో గేమ్ పెట్టెతో పాటు చీరాల వచ్చాను. మమ్మల్ని కొన్నది ప్రభుదాసు, బళ్లో డ్రాయింగ్ మాస్టారు. ఆడేది మాత్రం ఇద్దరు. ఆదివారం అతను చర్చి నుంచి వచ్చేసరికి మస్తాన్ వలీ అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి స్నేహితులు. మస్తాన్‌కి సినిమా హాలు సందులో టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉంది. ఒకరు ఓడిపోతే ఇంకొకరు పగలబడి నవ్వేవారు. పెద్దవాళ్లమన్న సంగతే గుర్తుండేది కాదు.

తర్వాత ఇరవై ఏళ్లు అటక మీద పడున్నాం. ఇంటి కప్పు రేకుల వేడికి నా కండెన్సరు ఎండిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్నో లేదో.

పోయిన వేసవి సెలవుల్లో ప్రభుదాసు మమ్మల్ని కిందికి దించాడు. గేమ్ మొదలైంది. రెండు నిమిషాలకు తెర మీద అడ్డగీతలు పాకాయి, టీవీ గుయ్యిమంది, ఆట మళ్లీ మొదటికొచ్చింది. గేమ్ పెట్టెని తువ్వాల్లో చుట్టి మస్తాన్ కొట్టుకి పట్టుకెళ్లాడు. నన్ను మాత్రం ఇంట్లోనే ఉంచాడు. ఈ ఊళ్లో అందరిదీ అదే పద్ధతి. రిపేరుకిస్తే పెట్టె ఒక్కటే ఇస్తారు. వైర్లు, అడాప్టర్లు కొట్టులో ఎవరి సామానులోనో కలిసిపోతాయని భయం. మస్తాన్ కూడా ఎవరినీ అడగడు, బల్ల మీద అతనికి సొంత పవర్ బాక్సు ఉంది.

దానికి తగిలిస్తే గేమ్ గంటసేపు చక్కగా ఆడిందట. ఇంటికొస్తే మళ్లీ గీతలు. ఇలా ప్రభుదాసు మూడుసార్లు తిరిగాడు. మూడోసారి మస్తాన్ వోల్టులు కొలిచే మీటరు పట్టుకుని ఇంటికే వచ్చి, నన్ను ఒంటరిగా గోడకి గుచ్చి, వైరు చివర చూశాడు. తొమ్మిదికి కాస్త పైనే చూపించాను.

"అడాప్టరు బాగానే ఉందిరా. నాకే ఏదో అంతుపట్టట్లేదు" అన్నాడు. తన చేతుల వంక చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఏ పనీ లేనప్పుడు నిండుగా కనబడటం ఎవరికైనా తేలికే. నేను చేసింది అదే.

మర్నాడు సాంబయ్య టీ హోటల్లో పదిమంది మధ్య ప్రభుదాసు నోరు జారాడు. "వాడి కొట్లో ఆడుద్ది, నా ఇంట్లో ఆడదు. అసలు సామాను పీకి డూప్లికేటు వేశాడేమో, ఎవరు చూడొచ్చారు" అన్నాడట. మెకానిక్కుకి అంతకు మించిన నింద లేదు. సాయంత్రానికి ఆ మాట సినిమా హాలు సందుకు చేరింది. మస్తాన్ వచ్చి పోట్లాడలేదు. అసలు రావడమే మానేశాడు.

ప్రభుదాసు భార్య సలోమికి ఇది నచ్చలేదు. "మిక్సీ తిరిగేటప్పుడేగా లైటు డిమ్ అయ్యేది. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏం తెలుస్తదండీ" అంది. గేమ్‌ని, నన్ను ఒకే సంచిలో వేసి, మొగుణ్ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చింది. "అన్నయ్యా, రెండూ కలిపి పెట్టి, ఆడేటప్పుడు చూడండి."

మస్తాన్ ఎవరి ముఖమూ చూడకుండా గేమ్ నాకు తగిలించి మీటరు పెట్టాడు. తొమ్మిది. ఆట మొదలెట్టాడు. ఏడు. ఆరు. నాలుగు. ముగ్గురి కళ్ల ముందు నేను అలా దిగజారుతుంటే, ఆ క్షణమే కాలి బూడిదైపోతే బాగుండుననిపించింది.

నన్ను విప్పి, ఉబ్బిన కండెన్సరు తీసి కొత్తది అతికాడు. ప్రభుదాసు "తప్పైపోయిందిరా" అన్నాడు.

"నాకెందుకు చెప్తావు? నేను పీకలేదని నాకు తెలుసుగా. ఎక్కడన్నావో అక్కడ చెప్పు" అన్నాడు మస్తాన్.

ప్రభుదాసు నన్ను జేబులో వేసుకుని టీ హోటల్‌కి వెళ్లాడు. గ్లాసుల మధ్య నన్ను పెట్టి, "లోపం దీన్లో ఉంది. మస్తాన్ ఏమీ తియ్యలేదు. నేనే నోటికొచ్చింది వాగాను" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నలుగురూ నన్నొకసారి చూశారు. "ఓస్, ఇంతేనా మాస్టారూ" అని మళ్లీ కరెంటు కోతల గురించి మాట్లాడుకోసాగారు. నిందని చెవులు రిక్కించి విన్నవాళ్లకు క్షమాపణ వినే ఓపిక లేకపోయింది.

రెండు రోజుల తర్వాత నన్ను గేమ్‌తో పాటు మళ్లీ కొట్టుకి తెచ్చాడు, మస్తాన్‌తో అక్కడే ఒక ఆట ఆడదామని. మస్తాన్ సరేనని స్టూలు జరిపాడు. అంతలో కిరాణా కొట్టు పేరయ్య మిక్సీ తెచ్చాడు. పదిహేనేళ్లుగా సామాను బల్ల మీద పడేసి, సాయంత్రం వచ్చి తీసుకుపోయే మనిషి. ఆ రోజు వెళ్లలేదు.

"నా ముందే విప్పు మస్తానూ, నిలబడతాలే" అన్నాడు.

మస్తాన్ తల వంచుకుని స్క్రూలు విప్పాడు. తీసిన ప్రతి ముక్కనూ పేరయ్యకు కనబడేలా వరసగా పేర్చాడు. ప్రభుదాసు చేతిలో ఉన్న నేను అప్పటికి సరిగ్గా తొమ్మిది వోల్టులు ఇవ్వగలను. అతను నన్ను ప్లగ్గులో పెట్టలేకపోయాడు.