లెక్కలోంచి కొట్టేసిన పొగ

గల్ఫ్‌లోని సోహార్ రేవు దగ్గరి ఆ ఉక్కు కర్మాగారంలో పొద్దున్నే గేటు తీయగానే ఇనుప చువ్వల కట్టలు లారీలెక్కుతాయి. ఒక్కో కట్ట పక్కనే, దాన్ని తయారుచేసినప్పుడు పుట్టిన పొగ కూడా ఎక్కి కూర్చుంటుంది. డ్రైవరు ఖమరుద్దీన్ దానికీ కలిపే తాడు కడతాడు.

ఆ పొగ ఎంతో లెక్కగట్టి ఐరోపాలో కొనేవాళ్ళకు పంపడం విజేత ఉద్యోగం. పొగ ఎక్కువైతే అక్కడి సరిహద్దులో సుంకం ఎక్కువ, సుంకం ఎక్కువైతే సరుకు కదలదు. అందుకే మేనేజరు జనార్దనరావుకు నిజమైన అంకె అంటే ఒళ్ళు మంట.

"పాత కొలిమి లెక్క ఎవడడిగాడమ్మా? కొత్త కొలిమి అంకె వేసి పంపు," అన్నాడు.

"ఈ చువ్వలు పాత కొలిమివి సర్."

"నీ వీసా ఏ కంపెనీదో గుర్తుందా?"

విజేతకు గుర్తుంది. సురేందర్ కూడా గుర్తున్నాడు. ఆమెకు ముందు ఈ కుర్చీలో ఉన్నవాడు. ఇలాంటి బెదిరింపుకే లొంగి అంకె తగ్గించి పంపాడు. లెక్కలోంచి కొట్టేసిన పొగ ఓడ ఎక్కదు, పంపినవాడి వెంట పడుతుంది. అక్కడ అందరికీ తెలిసిన సంగతే. సురేందర్ ఇప్పుడు జగిత్యాలలో ఇంటి బయట మంచం వేసుకుని పడుకుంటున్నాడు. పెళ్ళాం అన్నం పళ్ళెం గుమ్మంలో పెట్టి లోపలికి పోతుంది. అంకె తగ్గించమన్న జనార్దనరావు మాత్రం ఏసీలో చల్లగా ఉన్నాడు. పెద్దమనిషి మరి.

"నేను పంపను సర్," అంది విజేత.

"పంపకపోతే మానెయ్. నీ పేరు మీద లెక్క వెళ్ళడానికి నువ్వెందుకు?"

కంప్యూటర్లు చూసే జావెద్‌ను గదమాయించి ఆమె పాస్‌వర్డు తెప్పించుకున్నాడు. ఆమె ఎదుటే ఆమె పేరు టైపు చేసి, అంకె సగానికి కోసి, కుడిచేతి చూపుడువేలితో మీట నొక్కాడు. "ఇక మోసుకో," అని నవ్వాడు కూడా.

యార్డులో పొగ లేచింది. మెట్లెక్కి లోపలికొచ్చింది. విజేత కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. పొగ ఆమె దగ్గర కాసేపు ఆగి, పక్కనుంచి ముందుకు సాగింది. అంత తెలివైన జనార్దనరావుకు ఈ ఒక్కటి తట్టలేదు: పొగకు చదువు రాదు. అది పేరు చూడదు, నొక్కిన వేలు పట్టుకుంటుంది.

"అంకె దిద్ది పంపితే పోతుందిగా? దిద్దు, త్వరగా," అన్నాడు దగ్గుతూ.

"నొక్కిన వేలే దిద్దాలి సర్. నా పేరుతో పంపింది మీరేనని అందులో రాయాలి." ఆమెకు జాలి కలగలేదు.

రాస్తే ఉద్యోగం పోతుంది. ఆయన రాయలేదు.

మరుసటి వారం లెక్కలు తనిఖీ చేసే మనిషి ఐరోపా నుంచి వచ్చాడు. యార్డులో ఆ చువ్వల కట్టల పక్కన సగం పొగే ఉండడం చూశాడు. మేడమీదికి వచ్చి నవ్వుతూ చెయ్యి చాచాడు. జనార్దనరావు కుడిచెయ్యి జేబులోంచి తీయలేదు. పొగ మాత్రం ఆ జేబులోంచి బయటికొచ్చి, వచ్చినాయన చేతిలో చెయ్యి పెట్టింది.